పన్నెండో లెక్కలో మాయమైన పద్నాలుగుమంది

ఆగస్టు 4, సోమవారం

పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు మందం చూసుకోవడానికి ఖాళీ కాగితాలతో బైండు చేసే నమూనాని మా ప్రెస్సులో డమ్మీ అంటారు. పని అయిపోయాక డమ్మీలన్నీ నా బల్ల కిందకే చేరతాయి. వాటిలో ఒకదాన్ని ఇవాళ డైరీ చేసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇతరుల వాక్యాలు దిద్దుతున్నవాడికి ఒక్క పుస్తకమైనా తన తప్పులతో తాను రాసుకునే హక్కు ఉండాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక రాస్తాను. ఎవరైనా వస్తే ప్రూఫులు చూస్తున్నట్టే కనిపిస్తుంది.

రాయాల్సిన సంగతి చిన్నదే. నిన్న మా పిచ్చుక లెక్కల నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పిచ్చుక అంటే మా అమ్మాయి. పదకొండేళ్ళు. నిద్రలో తప్ప నోరు మూయదు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. పన్నెండో లెక్కకి టీచరు ఇంటూ పెట్టారు.

లెక్క ఇది. ఒక తరగతిలో యాభైమంది పిల్లలు. ఇరవై ఇద్దరు పాట నేర్చుకుంటున్నారు. పద్దెనిమిదిమంది బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నారు. వీళ్ళలో ఏడుగురు రెండూ నేర్చుకుంటున్నారు. ఏదీ నేర్చుకోనివాళ్ళు ఎంతమంది?

"నాకు పదిహేడు వచ్చింది నాన్నా. పుస్తకం వెనకాల మూడు అని ఉంది. టీచర్ అది చూసి తప్పు పెట్టేశారు. ఎవరు కరెక్టు?"

ఆ పుస్తకం రాసింది మా మామగారు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అత్తగారు పోయినప్పటినుంచి మా ఇంట్లోనే ముందు గదిలో ఉంటున్నారు. అచ్చు వేసింది మా ప్రెస్సు. ప్రూఫులు చూసింది నేను. ఇంటి పుస్తకాన్ని ఇంటివాడే అనుమానిస్తే ఎలా అని, "పుస్తకంలో ఉన్నదే కరెక్టు" అన్నాను.

"అయితే నా బొమ్మ చూడు."

రెండు గుండ్రాలు గీసింది. ఒకదానిమీదికి ఒకటి కొంచెం ఎక్కి ఉన్నాయి. వాటిని వెన్ చిత్రాలంటారు. ఆ మాటకి స్పెల్లింగు నాకు బాగా తెలుసు. దాని అర్థంతో పని పడలేదు. ఎక్స్‌రే చూసే డాక్టరులా కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని కాసేపు చూశాను.

"గుండ్రాలు బాగా వచ్చాయి" అన్నాను.

"తాతయ్యని అడుగుతా."

"తాతయ్యని విసిగించకు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆగస్టు 5

పదిహేడుకీ మూడుకీ పద్నాలుగు తేడా. టైపింగులో వచ్చి ఉంటుంది. డీటీపీ అమ్మాయి ఈమధ్య పరధ్యానంగా ఉంటోంది.

ఆగస్టు 6, బుధవారం

డీటీపీ అమ్మాయి పరధ్యానంగా లేదు.

పొద్దున్నే వచ్చి ఆ పుస్తకం కట్ట విప్పాను. రాతప్రతి, మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు, అన్నీ వరసగా ఉన్నాయి. మామగారి రాతప్రతిలో పన్నెండో లెక్కకి జవాబు పదిహేడు. ముత్యాల్లాంటి అంకెలు. మొదటి ప్రూఫులో పదిహేడు. రెండో ప్రూఫులో పదిహేడు మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన మూడు. ఆ మూడు కింద ఒక పొట్టి సంతకం. ఆ సంతకం నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. నాది కదా.

మార్జిన్‌లో నా లెక్క కూడా ఉంది. 22 + 18 + 7 = 47. 50 − 47 = 3. దాని కింద రెండు గీతలు. అంటే ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయానన్నమాట. పెద్దాయన పొరపడ్డారు, పాపం, పరువు కాపాడదాం అనుకున్నట్టు లీలగా గుర్తు. ఆయనకి ఒక్క మాట చెప్పకుండా దిద్దేశాను. మర్యాద కొద్దీ.

అయినా నాకిప్పటికీ మూడే సరి అనిపిస్తోంది. మూడు అంకెలిచ్చారు, మూడూ కలిపాను. ఇందులో తప్పేముంది?

కట్టని మళ్ళీ కట్టి అల్మరాలో కింద అరలో, పాత నిఘంటువుల వెనక పెట్టాను. జాగ్రత్త కోసమే.

ఆగస్టు 8, శుక్రవారం

నిన్న సాయంత్రం పిచ్చుక చేత పాఠం చెప్పించుకున్నాను. "నీకు వచ్చో రాదో చూస్తాను, నాకు చెప్పు" అన్నాను. తెలియనిది అడగడానికి తండ్రులకి ఇంతకంటే గౌరవమైన దారి లేదు.

మా ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆవిడ గుండీల డబ్బా తెచ్చి పిచ్చుక యాభై గుండీలు నేలమీద పోసింది. సుద్దముక్కతో రెండు గుండ్రాలు గీసింది.

"ముందు మధ్యలోవాళ్ళు. రెండూ నేర్చుకునేవాళ్ళు ఏడుగురు." రెండు గుండ్రాలు కలిసిన చోట ఏడు గుండీలు పెట్టింది. "పాటలో మొత్తం ఎంతమంది?"

"ఇరవై ఇద్దరు" అని గుండీలు తీశాను.

"ఆగు. ఏడుగురు ఆల్రెడీ లోపలే ఉన్నారుగా. ఇంకా ఎంతమంది కావాలి?"

పదిహేను. అలాగే బొమ్మల వైపు పదకొండు. గుండ్రాలలో అన్నీ లెక్కపెడితే ముప్పై మూడు. నేలమీద బయట మిగిలినవి పదిహేడు గుండీలు. నేను వాటిని రెండుసార్లు లెక్కపెట్టాను. ఒకటి బల్ల కిందకి దొర్లిపోయిందేమోనని వంగి కూడా చూశాను. దొర్లిపోతే పదహారవుతాయి గానీ మూడు కావు.

అప్పుడు అర్థమైంది. ఆ ఏడుగురు పిల్లల్ని నేను పాటలో ఒకసారి, బొమ్మల్లో ఒకసారి, విడిగా ఇంకోసారి లెక్కపెట్టాను. ఆ దెబ్బకి బయట ఆడుకుంటున్న పద్నాలుగుమంది పిల్లలు మాయమయ్యారు.

"వచ్చిందా నాన్నా?" అంది.

"నీకు వచ్చింది" అన్నాను.

ఆగస్టు 11, సోమవారం

యజమాని పిలిచారు. ఆయన బల్లమీద ఒక ఉత్తరం ఉంది. ఎవరో మాస్టారు రాశారు, పన్నెండో లెక్క జవాబు తప్పని. పుస్తకం ఎనిమిది బడుల్లో నడుస్తోంది. ఒక్క బడినుంచే ఉత్తరం వచ్చిందంటే మిగతా ఏడు బడుల్లో పిల్లలు మూడని రాసి మార్కులు తెచ్చుకుంటున్నారన్నమాట.

"మీ మామగారికి డెబ్బై దాటాయి కదండీ" అన్నారు యజమాని. మంచి మనిషి. ఎవరినీ నొప్పించరు. "పెద్దతనంలో ఇలాంటివి మామూలే. పాపం, మనమే చూసుకోవాల్సింది."

నేను తల ఊపాను.

ఏ వైపు ఊపానో రాయడం లేదు. ఫ్యాను కింద నిలబడితే ఎవరి తలైనా కదులుతుంది.

ఆగస్టు 12

యజమాని మంచితనం కొద్దీ మామగారికి ఫోన్ చేసి చెప్పారట. నిన్న నేను ఇంటికి వెళ్ళేసరికి ఆయన ముందు గదిలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పక్కన కాగితం. పదిహేడు. దాని కింద మళ్ళీ చేశారు. పదిహేడు. మళ్ళీ.

"మూడని ఎలా రాశానంటావు బాబూ?"

"రాతప్రతి ఉందా మీ దగ్గర?" అన్నాను. లేదని నాకు తెలుసు.

"మీ ప్రెస్సుకే ఇచ్చేశాగా. నకలు ఉంచుకోలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పోనీ ప్రూఫులు చూసినప్పుడు నీకు అనుమానం రాలేదా?"

"నేను అక్షరాలే చూస్తానండి. లెక్కల్లో వేలు పెట్టను."

ఈ రెండు వాక్యాల్లో అచ్చుతప్పు ఒక్కటీ లేదు.

ఆగస్టు 14

చెప్పాలి.

ఆగస్టు 16

రేపు ఆదివారం. అందరూ తీరికగా ఉంటారు. రేపు చెప్తాను.

ఆగస్టు 18, సోమవారం

నిన్న అందరూ మరీ తీరికగా ఉన్నారు. అంత ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పడం బాగోదనిపించింది.

ఆగస్టు 20, బుధవారం

మామగారు ఒక చిన్న నోటుబుక్కు పెట్టారు. ఏ వస్తువు ఎక్కడ పెట్టిందీ అందులో రాసుకుంటున్నారు. కళ్ళజోడు, కిటికీ గూట్లో. బ్రష్షు, నీలం కప్పులో. తాళాలు, చొక్కా జేబులో. రాసేసి, పెట్టిన చోటుకి వెళ్ళి ఉందో లేదో చూసుకుంటున్నారు. నిన్న ఆయన అలా తిరుగుతుంటే నేను టీ తాగుతూ కూర్చున్నాను.

తరవాత నా దగ్గరికి వచ్చి, "నాకో సాయం చెయ్యి. రోజూ సాయంత్రం ఐదు లెక్కలు ఇవ్వు. వేరేవాళ్ళని అడగలేను, నవ్వుతారు" అన్నారు.

అందరినీ వదిలేసి నన్ను ఎంచుకున్నారు. నేను పదో తరగతి లెక్కల పరీక్ష ఎలా గట్టెక్కానో నాకూ, పక్క బెంచీలో కూర్చున్నవాడికీ మాత్రమే తెలుసు.

కాదనడానికి నోరు రాలేదు. మధ్యాహ్నమంతా ప్రూఫులు పక్కన పెట్టి లెక్కలు తయారు చేశాను. ఎంతమంది టీ, ఎంతమంది కాఫీ, ఎంతమందికి రెండూ. గుండ్రాలు గీసి గీసి నా బల్ల సైకిల్ షాపులా తయారైంది. చెప్పకూడదు గానీ, సరదాగా ఉంది. ముందు మధ్యలోవాళ్ళని కూర్చోబెడితే తక్కినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు. ముప్పై ఏళ్ళ కిందట ఎవరైనా గుండీలు పోసి చెప్పి ఉంటే ఇవాళ ఈ డైరీ ఉండేది కాదు.

ఆగస్టు 22, శుక్రవారం

మొన్న ఐదుకి ఐదు చేశారు. నిన్న నాలుగు గబగబా చేసి ఐదో దానిలో ఆగారు.

లెక్క: ముప్పై ఇళ్ళలో పదహారు ఇళ్ళవాళ్ళు కుక్కని పెంచుతున్నారు, పదమూడు ఇళ్ళవాళ్ళు పిల్లిని. ఐదిళ్ళలో ఏదీ లేదు. రెండూ ఉన్న ఇళ్ళు ఎన్ని?

"నాలుగు" అన్నారు.

నా కాగితం మీద తొమ్మిది ఉంది. "తొమ్మిదండీ" అన్నాను.

ఆయన ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. కాగితం దగ్గరికి లాక్కున్నారు. నేనూ మళ్ళీ కూడి చూశాను. పదహారూ పదమూడూ ఇరవై తొమ్మిది. ఐదిళ్ళు తీసేస్తే ఇరవై ఐదిళ్ళే మిగిలాయి. తేడా నాలుగు. నేను ఆ నాలుక్కి ఖాళీ ఇళ్ళు ఐదూ కలిపేసి తొమ్మిది చేశాను.

"తప్పు నాదే మామయ్యగారూ. నాలుగే. నేనే తప్పుగా కలిపాను."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. తప్పు నాదే. నోరు చక్కగా తిరిగింది, ఎక్కడా నొప్పి పుట్టలేదు. ఆ ఊపులోనే ఇంకో వాక్యం చెప్పేస్తే సరిపోయేది.

ఆయన తల ఎత్తకుండా, "నన్ను ఓదార్చకు బాబూ. ఓదార్చమని నిన్ను పెట్టుకోలేదు" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని గదిలోకి వెళ్ళిపోయారు.

నిజం చెప్పినా నమ్మని స్థితికి ఆయన వచ్చారు. తీసుకొచ్చినవాణ్ణి నేను.

ఆగస్టు 26, మంగళవారం

సగం రోజు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాం. మా ఆవిడే పట్టుబట్టింది. "ఇంత జరుగుతుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదు" అంది నాతో.

జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే డాక్టరమ్మ. మెల్లగా మాట్లాడతారు. మామగారి చేత గడియారం బొమ్మ గీయించారు. వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మన్నారు, ఆయన రెండు దాకా ఆగకుండా వెళ్ళిపోయారు. మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక అడిగారు. తాళం, నిమ్మకాయ అన్నారు. మూడోది రాలేదు. గొడుగు.

"అసలు మీకు అనుమానం ఎప్పుడు వచ్చింది?" అని అడిగారు డాక్టరమ్మ.

మామగారు సంచీలోంచి పుస్తకం తీశారు. జవాబుల పేజీ దగ్గర ఒక కాగితం ముక్క పెట్టుకున్నారు. "ఈ మూడు నేను రాశానటమ్మా. నలభై ఏళ్ళు పిల్లలకి ఇలాంటి లెక్కలే చెప్పాను. రాసినట్టు నాకు గుర్తే లేదు. బుర్రకి తెలియకుండా చెయ్యి రాసిందంటే ఇంకేం నమ్మను?"

డాక్టరమ్మ అది రాసుకున్నారు. తరవాత మా వైపు తిరిగి, "ఇంట్లో మీరేమైనా గమనించారా?" అన్నారు.

మా ఆవిడ చెప్పింది. వంటింట్లో కుళాయి రెండుసార్లు వదిలేశారు. కరెంటు మనిషి వచ్చాడా అని ఒకే పూట మూడుసార్లు అడిగారు.

"మీరండీ?"

గోడమీద మెదడు బొమ్మ ఉంది. రంగురంగులుగా. కింద పేర్లలో ఒకచోట ఒత్తు తప్పుగా పడింది.

"ప్రత్యేకంగా ఏమీ లేదండీ" అన్నాను.

మూడు నెలలయ్యాక మళ్ళీ రమ్మన్నారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు.

ఆగస్టు 27

ఏమీ రాయను.

ఆగస్టు 28, గురువారం

పొద్దున మామగారు ఒక కవరు ఇచ్చారు. "మీ యజమానికి ఇచ్చెయ్యి" అన్నారు. అంటించలేదు. చదివాను. పుస్తకం రెండో భాగం ఇక రాయలేననీ, వేరే ఎవరిచేతైనా రాయించుకోమనీ, జరిగినదానికి క్షమించమనీ. అలవాటు కొద్దీ తప్పులు వెతికాను. ఒక్క కామా కూడా అటూ ఇటూ లేదు.

నిన్న సాయంత్రం నుంచి పిచ్చుకకి పాఠం చెప్పడం కూడా మానేశారు. నోటుబుక్కు తీసుకుని వెళ్తే, "నా దగ్గర వద్దమ్మా. తప్పు నేర్చుకుంటావు" అని తలుపు దగ్గరికి వేసుకున్నారు.

పిచ్చుక నా పక్కన కూర్చుని లెక్కలు చేసింది. నోరు మెదపలేదు. తొంగి చూశాను. పన్నెండో లెక్కని తిరిగి రాసుకుంటోంది. గుండ్రాలు గీసింది. ఏడు, పదిహేను, పదకొండు, అన్నీ సరిగ్గా వేసింది. కింద జవాబు మూడు అని రాసింది.

"పదిహేడు కదా?" అన్నాను.

"పుస్తకంలో మూడు. టీచర్ మూడన్నారు. నువ్వూ పుస్తకమే కరెక్టన్నావు. తాతయ్య తనకి రాదంటున్నారు. నాకొక్కదానికే పదిహేడు వస్తే ఏం లాభం?" అంది.

ఆ కవరు నా జేబులో ఉంది. యజమాని ఎదురుగా రెండుసార్లు నడిచాను. ఇవ్వలేదు.

ఆగస్టు 29, శుక్రవారం

చెప్పాను.

పొద్దున ప్రెస్సుకి వచ్చి నిఘంటువుల వెనకనుంచి కట్ట తీసుకుని, పదకొండింటికి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ గుడ్డ కొనడానికి బయటికి వెళ్ళింది. అందుకే ఆ వేళ ఎంచుకున్నానని ఒప్పుకుంటాను. ఒకేసారి ఇద్దరికి చెప్పేంత వీరుణ్ణి కాను.

మామగారు మంచంమీద కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నారు. కట్ట విప్పి ముందు రాతప్రతి పేజీ ఆయన చేతిలో పెట్టాను. చూశారు. వేలితో ఆ పదిహేడుని తడిమారు.

"ఇది నేను రాసిందే" అన్నారు.

"అవునండి."

రెండో ప్రూఫు ఇచ్చాను. ఎర్ర గీత, మూడు, నా కూడిక, నా సంతకం. చాలాసేపు చూశారు. వీధిలో కుక్కర్లు బాగుచేసేవాడు అరుచుకుంటూ పోయాడు.

"ఇది నీ రాత."

"అవునండి. మీరు పొరపడ్డారనుకున్నాను. చెప్పకుండా దిద్దేశాను."

"నువ్వే దిద్దావని నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆరో తారీకున."

"ఇవాళెంత?"

"ఇరవై తొమ్మిది."

"డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాం?"

"ఇరవై ఆరున."

"ఆ గదిలో నువ్వు నా పక్క కుర్చీలో కూర్చున్నావు."

"కూర్చున్నానండి."

ఆయన కాగితాలు అంచులు కలిపి సర్దారు. జేబులోంచి కవరు తీసి ఆయన ముందు పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు.

"కాసేపు బయటికి వెళ్ళు" అన్నారు.

ఎంతసేపో అడగకుండా ప్రెస్సుకి వచ్చేశాను.

ఆగస్టు 30, శనివారం

రాత్రి మా ఆవిడకీ చెప్పాను. అరుస్తుందనుకున్నాను. కుట్టుమిషను ముందు కూర్చుని, గుడ్డమీదనుంచి కళ్ళెత్తకుండా మాట్లాడింది.

"మా నాన్న బ్రష్షు ఎక్కడ పెట్టిందీ పుస్తకంలో రాసుకుంటుంటే మీరు పక్కన కూర్చుని టీ తాగారు. నేను చూశాను. పాపం, మాట రాక అలా కూర్చున్నారనుకున్నాను. మీమీద జాలి పడ్డాను."

మిషను తొక్కింది. ఆపింది.

"ఆ జాలి నాకు వెనక్కి కావాలి" అంది.

ఇవాళ నా టీ నేనే పెట్టుకున్నాను. చక్కెర వెయ్యడం మర్చిపోయాను.

సెప్టెంబరు 1, సోమవారం

యజమానికి చెప్పాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నావైపు చూశారు.

"మరి ఆ రోజు మీ మామగారి పెద్దతనం గురించి అంటే తల ఊపారు కదండీ?"

"ఊపానండి. అడ్డంగా ఊపాల్సింది."

ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన నాతో గట్టిగా మాట్లాడారు. తప్పు చేసినందుకు కాదట, పెద్దాయనకి తన నోటితో ఆ మాట చెప్పించినందుకు. ఇక్కడనుంచే మామగారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు. నేను ఎదురుగా నిలబడి విన్నాను. చేయని తప్పుకి ఆయన ఎంత బాగా క్షమాపణ చెప్పారంటే, నేర్చుకోవాలనిపించింది.

సవరణ చీటీ అచ్చువేసి ఎనిమిది బడులకీ పంపాలి. మిగిలిన కాపీల్లో నేనే అంటించాలి. జిగురు డబ్బా ఇచ్చారు.

సెప్టెంబరు 3

పిచ్చుక బడికి వెళ్ళాను. టీచరుకి రాతప్రతి పేజీ చూపించి, సంగతి చెప్పాను. ఆవిడ నోటుబుక్కు తెప్పించి ఇంటూ కొట్టేసి రైటు పెట్టారు. "పుస్తకం చూసి పెట్టేశానండీ, నేనూ చేసి చూడలేదు" అన్నారు. ఆవిడకి ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. నాకు ఇరవై మూడు రోజులు.

దారిలో పిచ్చుక అడిగింది. "ఏడుగురినే మూడుసార్లు ఎందుకు లెక్కపెట్టావు నాన్నా?"

"నాకు లెక్క రాక."

"మరి నాతో పుస్తకమే కరెక్టని ఎందుకన్నావు?"

"అదీ అందుకే."

ఇంటిదాకా ఇంకేమీ అనలేదు. పిచ్చుక మౌనంగా నడిస్తే దారి ఎంత పొడుగో ఇప్పుడే తెలిసింది.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఆరు రోజులు నాతో మాట్లాడని మామగారు నిన్న సాయంత్రం పిలిచారు. ముందు గదిలో బల్ల మీద తెల్లకాగితం, పెన్సిలు ఉన్నాయి.

"కూర్చో. మూడు ఎలా వచ్చిందో చెప్పు."

"ప్రూఫులో ఉంది కదండీ."

"కూడిక చూశాను. బుర్రలో ఏమనుకున్నావో చెప్పు. నీలా ఎంతమంది పిల్లలు అనుకుంటారో నాకు తెలియాలి."

చెప్పాను. మూడు అంకెలు కనిపిస్తే మూడు గుంపులనుకున్నానని. పాటవాళ్ళు ఒక గదిలో, బొమ్మలవాళ్ళు ఒక గదిలో, రెండూ నేర్చుకునేవాళ్ళు ఇంకో గదిలో ఉన్నట్టు ఊహించుకున్నానని. ఆయన కళ్ళు చిట్లించి విన్నారు. మధ్యలో ఒకసారి, "అవును, 'వీళ్ళలో' అన్న మాట లెక్కలో ఉన్నా కంటికి ఆనదు. దాన్ని ఇంకా గట్టిగా చెప్పాలి" అని రాసుకున్నారు. ఆ ఒక్క క్షణం నామీద కోపం మర్చిపోయినట్టున్నారు. పెన్సిలు పెట్టేశాక మళ్ళీ గుర్తొచ్చింది.

"నువ్వు చేసింది చిన్నది కాదు" అన్నారు.

"కాదండి."

"ఈ ఇరవై రోజులూ నా తలని నేనే పరాయివాడి తలలా చూసుకున్నాను. అది నువ్వు తీర్చలేవు." ఆగారు. "కానీ అన్నీ నీ నెత్తిన వేసి నేను తప్పుకోను. కుళాయి వదిలేసింది నేనే. కరెంటు మనిషి గురించి మూడుసార్లు అడిగానని అమ్మాయి చెప్తేగానీ నాకు తెలియదు. డాక్టరమ్మ చెప్పిన మూడో మాట నిజంగానే రాలేదు నాకు. ముందు ముందు ఇంకా పెరుగుతాయేమో."

"రెండో భాగం రాస్తాను. ప్రూఫులు నువ్వే చూడు. ఒక్కటే షరతు. నేను తప్పు రాస్తే నాకు చెప్పు. ఆ రోజే చెప్పు. జాలిపడి నువ్వే దిద్దెయ్యకు. నా తప్పులు నేను చూసుకోవాలి. చూసుకోగలిగినన్నాళ్ళు."

"సరేనండి" అన్నాను.

"సరే అనడం తేలికే" అన్నారు.

లేవబోతుంటే, "కూర్చో" అని ఐదు లెక్కలు ఇచ్చారు. ఐదుకి మూడు వచ్చాయి నాకు. రెండింటికి ఇంటూ పెట్టి, ఒక్కోదాని పక్కన ఎందుకో రాశారు.

సెప్టెంబరు 12

చీటీలు అంటించడం పూర్తయింది. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుని విడిపోవడం లేదు. మా ఆవిడ ఇవాళ టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది. మాటలేమీ ఇవ్వలేదు. డబ్బాతోనే మొదలవనీ.

సెప్టెంబరు 19, శుక్రవారం

ఇవాళ పొద్దున మామగారు రెండో భాగం మొదటి పది పేజీలు నా చేతిలో పెట్టారు. ప్రెస్సుకి రాకముందే, వాకిట్లో చెప్పులు వేసుకోకుండా నిలబడే చూశాను.

నాలుగో లెక్క. ఒక గ్రంథాలయంలో నలభైమంది. ఇరవై నలుగురు కథల పుస్తకాలు చదువుతారు, పంతొమ్మిదిమంది పత్రికలు చదువుతారు, వీళ్ళలో ఎనిమిదిమంది రెండూ చదువుతారు. ఏదీ చదవనివాళ్ళు ఎంతమంది? 'వీళ్ళలో' అన్న మాట కింద గీత గీశారు. జవాబు ఏడు అని రాశారు.

నాకు ఐదు వచ్చింది.

ముందు నేనే తప్పనుకున్నాను. ఆ అనుకోవడానికి నా దగ్గర కావలసినంత ఆధారం ఉంది. గుండ్రాలు గీశాను. ఎనిమిది, పదహారు, పదకొండు. ముప్పై ఐదు. ఐదు. పిచ్చుక సంచీలో గుండీలు ఉంటే అవి కూడా పరిచి చూశాను. గుమ్మం దగ్గర గుండీలు పరుచుకుని కూర్చున్న నన్ను చూసి పాలవాడు పక్కనుంచి జాగ్రత్తగా దాటుకుని వెళ్ళాడు.

ఐదే.

ఎర్ర పెన్ను జేబులోనే ఉంది. ఏడుని ఐదు చేయడానికి రెండు గీతలు చాలు. ఆయనకి ఎప్పటికీ తెలియదు. ఇవాళ మొదటి పది పేజీలు ఇచ్చిన సంతోషంలో ఉన్నారు, చొక్కా మార్చుకున్నారు, తల దువ్వుకున్నారు. ఒక్క రోజు ఆగితే ఏం మునుగుతుంది అనిపించింది. నాకు ఎప్పుడూ ఇలాగే అనిపిస్తుంది.

లోపలికి వెళ్ళాను.

"మామయ్యగారూ, నాలుగో లెక్క జవాబు తప్పండి."

ఆయన చేతిలో టీ గ్లాసు ఉంది. కింద పెట్టారు. "ఎంత రాశాను?"

"ఏడు."

"నీకెంత వచ్చింది?"

"ఐదు."

కాగితం తీసుకున్నారు. పెదవులు కదిపి లెక్కపెట్టుకున్నారు. ఒకసారి ఆగి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర మా ఆవిడ నిలబడింది. వచ్చిన సంగతి నేను చూడలేదు.

"ఇరవై నాలుగూ పంతొమ్మిదీ నలభై మూడు" అన్నారు నెమ్మదిగా. "నలభై ఒకటి వేశాను."

పెన్సిలు తీసుకుని ఏడు కొట్టేసి, ఐదు రాశారు. ఆ ఐదు పక్కన ఇవాళ్టి తారీకు వేశారు. అంకెలు ఇంకా ముత్యాల్లాగే ఉన్నాయి.

"ఎన్నిసార్లు చూశావు?"

"నాలుగుసార్లండి."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి. ముందు మీకే."

"ఊఁ" అని టీ గ్లాసు అందుకున్నారు. చల్లారిపోయి ఉంటుంది, అయినా తాగారు. "మిగతావి కూడా చూడు. తొందరేం లేదు."

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. కాసేపట్లో రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి ఆయనకి, ఒకటి నాకు.

నాలుగుసార్లన్నది అబద్ధం. తొమ్మిదిసార్లు చూశాను.